గుప్పెడు కోతికి సమాధి

“కోతి చచ్చింది. పూడ్చిపెట్టారు. చంపినవాడు లోపలున్నాడు. ఇక ఇందులో డిటెక్టివుకు మిగిలిన పనేమిటండీ?”

ఇన్‌స్పెక్టర్ పద్మనాభయ్య కుర్చీని వెనక్కి వాల్చి బావను ఎగాదిగా చూశాడు. ఆయనది తెనాలి వైపు. ప్రొద్దుటూరికి బదిలీ మీద వచ్చి ఏడాది కూడా కాలేదు గాని, ఈ ఊరిని పుట్టినప్పటి నుంచీ భరిస్తున్నట్టు మాట్లాడతాడు.

“పనేం లేదు సార్. పులివెందుల్లో అత్తగారింట్లో కూర్చోబెట్టి మేపుతాండారు. అరిగేదానికి ఇట్ల వచ్చినాం” అన్నాడు బావ.

నవ్వు ఆపుకోవడానికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. బావ అంటే మా మేనత్త కొడుకు కోదండపాణి. మద్రాసులో డిటెక్టివ్. నెల కిందటే నా భర్త కూడా అయ్యాడు. ‘ఏమండీ’ అని పిలవమని అమ్మ నేర్పి పంపింది గాని, రెండుసార్లు పిలిచేసరికి ఇద్దరికీ నవ్వాగక ఆ ప్రయత్నం మానుకున్నాం.

“మరి ఈవిడ?”

“నా భార్య కృష్ణకుమారి. జంతుశాస్త్రం చదివింది. కోతుల సంగతి నాకంటే ఈమెకే బాగా తెలుసు.”

“కోతి కేసుకు కోతుల పండితురాలు! మీ కడప జిల్లాలో దేనికీ లోటు లేదండీ.”

“లోటు లేదు సార్. ఇన్‌స్పెక్టర్లను మాత్రం బయట నుంచి తెప్పించుకుంటాం.”

పద్మనాభయ్య కుర్చీ నేలకు దిగింది. మాట ముదరకముందే నేను కేసు సంగతి అడిగాను. ఆయన విసురుగా చెప్పాడు. ఊరూరా తిరిగే జంతు ప్రదర్శన ఒకటి, బాలసుబ్బయ్య అనే ఆసామికి చెందిన, మూతపడిన పత్తి జిన్నింగు మిల్లు ఆవరణలో దిగింది. దాని యజమాని రైలుపెట్టెలు మాట్లాడుకోవడానికి మద్రాసు వెళ్తూ తాళాలు బాలసుబ్బయ్యకు అప్పగించాడు. ప్రదర్శనలో జనం ఎగబడి చూసేది గుప్పెడంత కోతుల్ని. అవి ఒక జంట, వాటికి రెండు పసికూనలు. బుధవారం తెల్లారేసరికి వాటిలో మగది చచ్చిపోయింది. ముందురోజు సాయంత్రం మేత పెట్టింది పనివాడు దావూద్. మిగిలిన మేతలో ఎలుకలమందు వాసన వచ్చిందని బాలసుబ్బయ్య ఫిర్యాదు ఇచ్చాడు. ఆయనే కోతిని పట్టుగుడ్డలో చుట్టి, మేళతాళాలతో ఊరేగించి, మిల్లు ఆవరణలోనే సమాధి చేశాడు.

“శవాన్ని మీరు చూసినారా?” అడిగాడు బావ.

“పసుపు కుంకాలు పెట్టి, దండలేసి, జనం దండాలు పెడుతుంటే మూట విప్పి చూడమంటారా? నన్నూ పక్కనే పూడ్చేవారు.”

ఆ మాట నిజమే. మా వైపు కోతి చచ్చిపోతే మనిషికి చేసినట్టే అన్నీ చేస్తారు. ఒకసారి గుడ్డ కప్పాక ఎవరూ దాన్ని తాకరు.

“రెండు గంటలకు దావూద్‌ను మిల్లుకు తీసుకెళ్తున్నాను. సమాధి ముందు లెంపలేసుకుని తప్పు ఒప్పుకుంటాడు. జనం చల్లబడతారు. అక్కణ్ణించి అటే జమ్మలమడుగు కోర్టు. ఈలోగా ఒక్క పదినిమిషాలు మాట్లాడుకోండి” అని తాళంచెవుల గుత్తి తీశాడు.

దావూద్ ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. మా ఇంట్లో ఇత్తడి పాత్రలకు కళాయి వేసే ఖలందర్ సాయిబు అల్లుడు. నిన్న అతని భార్య మాబున్ని బస్సు డ్రైవరు చేత పంపిన కబురుకే మేము వచ్చాం.

“అల్లా తోడు సార్. నేను పెట్టింది తుమ్మబంక, రెండు మిడతలు. అంతే.”

“చచ్చిన కోతిని చూసినావా?”

“నేను పోయేసరికే చుట్టేసినారు. తోక ఇంత బయట ఏలాడతాండె.”

“మొగదే అని ఎవరు చెప్పినారు?”

“బాలసుబ్బయ్య మామే. పిల్లలున్నది ఆడది కదా, అది బతికే ఉందిగా సార్.”

నాకెక్కడో ముల్లు గుచ్చుకున్నట్టయింది. “పిల్లలు ఎప్పుడూ ఒకదాని మీదే ఉంటాయా?” అన్నాను.

“పొద్దస్తమానం తల్లి ఈపు మీదే అక్కా. నేను చేరి నాలుగు దినాలే. గూడు ఊడ్చి, మేత పెట్టి వచ్చేస్తా. దగ్గరికి పోయి చూసిందిల్యా.” అతను ఊచల్లో నుంచి ముఖం ముందుకు పెట్టాడు. “లెంపలేసుకుంటే తొందరగా ఇడిసిపెడతారని ఇన్‌స్పెక్టరు సారు అంటాండాడు. ఒకసారి ఏసుకున్న్యాక ఈ ఊర్లో నన్ను ఏమని పిలుస్తారక్కా? నా పెండ్లామును ఏమని పిలుస్తారు?”

మేం బయటపడ్డాం. వీధి మలుపులో బావ ఒక గోళీసోడా కొన్నాడు. ఒకటే. గోళీ ‘కీచు’మని లోపలికి దిగిన శబ్దం ఆ పూట నాకు దొరికిన ఏకైక సంతోషం. సగం తాగి నాకిచ్చాడు.

“ఏంది, ఏమో గుచ్చుకుందే నీకు?” అన్నాడు. నా ముఖం చూడగానే తెలిసిపోతుంది ఆయనకు.

“ఒకసారి గూడు చూసి చెప్తా.”

* * *

మిల్లు ఆఫీసు వరండాలో, దూలానికి వేలాడదీసిన తీగల గూడు ముందు మాబున్ని ముక్కాలిపీట వేసుకుని కూర్చుని ఉంది. చేతిలో మేకపాల గిన్నె, సన్నగా పేనిన పత్తి వత్తి. భర్తను తీసుకెళ్ళినప్పటి నుంచి ఆమె అక్కడే ఉందట. భర్త నిర్దోషి అని చెప్పడానికి ఆమెకు తెలిసిన దారి అదొక్కటే. మిగిలిన ప్రాణాలనైనా పోనివ్వకూడదు.

“నోరు తెరవడంల్యా అక్కా. వత్తి చీకడంల్యా. నిన్న కొంచెం చీకినాయి, ఈ పొద్దు అదీ లేదు” అంది.

గూట్లో తుమ్మకొమ్మ మీద ఉంది అది. పుస్తకంలో బొమ్మ చూడటం వేరు, ప్రాణంతో చూడటం వేరు. తోక తీసేస్తే నా అరచేతిలో ఇమిడిపోతుంది. ముఖం చుట్టూ సింహపు జూలు. కదలకుండానే తల పూర్తిగా వెనక్కి తిప్పి నన్ను చూసింది. వీపు మీద బొటనవేలంత పిల్లలు రెండు, వెంట్రుకల్లో కూరుకుపోయి. కొమ్మ నిండా సూదితో పొడిచినట్టు గుంటలు. అమెజాను అడవిలో ఏటి ఒడ్డు చెట్లకు ఇవి కింది పళ్ళతో ఇలాగే గుంటలు తొలిచి, ఊరిన బంకను తాగి బతుకుతాయి. అంత దూరం నుంచి ఓడెక్కి వచ్చిన ప్రాణికి ప్రొద్దుటూరు తుమ్మబంక నచ్చిందంటే నాకెందుకో గర్వంగా అనిపించింది.

అది ఆగి ఆగి వీపును గూటి మూలకు రాస్తోంది. పిల్లల్ని దించి ఎవరికో అందించబోతున్నట్టు. అందుకునే వాళ్ళు లేరు.

“బావా, భూతద్దం ఇయ్యి.”

ఇచ్చాడు. నేను గూటి కిందికి వంగి చూడసాగాను. ఎక్కడ చూస్తున్నానో అర్థమై బావ దగ్గి, అటు తిరిగి గోడ మీది సున్నాన్ని పరిశీలించడం మొదలుపెట్టాడు. మాబున్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నేను నిలబడ్డాను.

“ఇది తల్లి కాదు. తండ్రి.”

“పిల్లలు ఈపునే ఉంటే తండ్రి ఏందక్కా?” అంది మాబున్ని.

“మన గండి కొండ మీది కోతులకు పిల్లల్ని మోసేది తల్లి. అది చూసి చూసి మనకు అదే అలవాటు. ఈ జాతిలో కవలల్ని పుట్టినప్పటి నుంచీ మోసేది తండ్రి. పాలవేళకు మాత్రం తల్లికి అందిస్తాడు. తాగగానే మళ్ళీ ఎక్కించుకుంటాడు. ఈ రెండు రోజులుగా ఈయన అందించడానికి చూస్తూనే ఉన్నాడు. తీసుకునే తల్లి లేదు.”

బావ సున్నం వదిలేసి నా వైపు తిరిగాడు. “ఐతే పోయింది ఆడది.”

“పోయింది ఆడది. మగది చచ్చిందన్నారంటే ఇది చావు కాదు, దొంగతనమే అయ్యుండాలి. దొంగ తప్పు చేసింది ఇక్కడే. పిల్లలు అడ్డం లేని కోతి కావాలనుకున్నాడు. చీకట్లో వీపు ఖాళీగా ఉన్నదాన్ని పట్టుకున్నాడు. అది మగదే అనుకున్నాడు.”

“చచ్చినదాన్ని చూసినోడు అట్ల అనుకోడు” అన్నాడు బావ నెమ్మదిగా. “మాబున్నీ, శవానికి స్నానం చేయించింది ఎవరు?”

“బాలసుబ్బయ్య మామ ఒక్కడే. తలుపేసుకుని.”

* * *

బాలసుబ్బయ్య తనే వచ్చాడు. ఆవరణలో పందిరి వేయిస్తున్నవాడు మమ్మల్ని చూసి, భుజం మీది తువ్వాలు సర్దుకుంటూ వరండా ఎక్కాడు. యాభై దాటిన మనిషి. ఒకప్పుడు ఇదే మిల్లులో పత్తిగింజలు ఒలిచే జిన్ను మిషన్ల దగ్గర ఫిట్టరట, తర్వాత మిల్లే కొన్నాడట. పక్కనున్న మనిషితో కూడా పొలం అవతలి మనిషితో మాట్లాడినట్టే మాట్లాడతాడు. మిల్లు మనుషులందరి గొంతూ అంతే. మిషన్ల హోరు మీద మాట్లాడి మాట్లాడి అలవాటు.

“రాండప్పా! మద్రాసు నుంచి దొరలు వచ్చినారంటనే! స్వామి మహిమ అట్లాంటిది.”

“ఏం మహిమ మామా?” అన్నాడు బావ అమాయకంగా.

“కలలో కనపడినాడప్పా. ‘శనివారం లేచి వస్తా, నాకు గుడి కట్టు’ అన్న్యాడు. రేపే శనివారం. గండి ఆంజనేయస్వామి కాడికి పోయే జనమంతా రేపు ఈడికే వస్తారు సూడు.”

“మీరే స్నానం చేయించినారంటనే?”

“ఈ చేతుల్తోనే! పసుపునీళ్ళతో ఒళ్ళంతా కడిగినా. మొగబిడ్డ. సింహం మాదిరి ఉండె.”

“మొగదే అని గట్టిగా తెలుసా?”

బాలసుబ్బయ్య పెద్దగా నవ్వాడు. “నాకు నలుగురు కొడుకులప్పా. తెల్దా?”

మాబున్ని చేతిలో వత్తి ఆగిపోయింది. ఆమె అబద్ధాన్ని కళ్ళతో చూస్తోంది. పెదవి విప్పితే ఎక్కడ చెడుతుందోనని బిగబట్టింది.

“రాత్రి ఏమన్నా అరిసిందా, మీకు ఇనపడిందా?” అడిగాడు బావ.

“యాడిది! నోరు లేని జీవాలప్పా ఇవి. వచ్చినప్పటి నుంచి ఒక్క కూత కుయ్యల్యా.”

సరిగ్గా అప్పుడే గూట్లో తండ్రి కోతి నోరు తెరిచింది. సన్నటి ఈల. గాజుపలక మీద సూది గీసినంత సన్నం. మాబున్ని గూటి వైపు చూసింది. నేను చూశాను. బావ చూశాడు. పందిరి గుంజ పాతుతున్న మనిషి కూడా తలెత్తాడు.

బాలసుబ్బయ్య గుడి గోపురం గురించి చెబుతూనే ఉన్నాడు.

ఆయనకు వినిపించలేదు. ఏళ్ళ తరబడి జిన్ను మిషను పక్కన నిలబడిన చెవులు మాటలు వింటాయి, డోళ్ళు వింటాయి, ఇంత సన్నటి శబ్దం మాత్రం వాటి దాకా రాదు. ఆ సంగతి ఆయనకే తెలియదు. వినపడనిది ఉందని ఎవరికి మాత్రం ఎలా తెలుస్తుంది?

ఇంకో ఈల. ఈసారి గూట్లో నుంచి కాదు. వెనక నుంచి. ఆవరణ చివర, నల్లటి ఇనుప తలుపున్న పత్తి గోడౌను వైపు నుంచి. గూట్లో ఉన్నది చెవులు నిక్కించి అటు తిరిగింది. మళ్ళీ పిలిచింది. మళ్ళీ జవాబొచ్చింది.

తల్లి బతికే ఉంది.

బాలసుబ్బయ్య మా ముగ్గురి మధ్యలో నిలబడి, ఆ పిలుపులు తన తల చుట్టూ తిరుగుతుంటే, “ధ్వజస్తంభానికి రాగి తొడుగు ఏపిస్తా” అంటున్నాడు.

“శానా మంచిది మామా” అన్నాడు బావ.

గేటు దగ్గర తప్పెట్ల చప్పుడు వినబడి ఆయన అటు వెళ్ళాడు. బావ మాబున్నికి చెప్పాడు, “నువ్వు గూడు ఇడిసి కదలొద్దు. జీపు వస్తానే ఇన్‌స్పెక్టరుతో గోడౌను కాడికి రమ్మన్న్యానని చెప్పు.”

* * *

గోడౌను తలుపుకు గొలుసు ఉంది గాని తాళం లేదు. లోపల పాత పత్తి బేళ్ళు కప్పు దాకా. గాలిలో నూగు. తుమ్మొస్తుందేమోనని ముక్కు పట్టుకున్నాను. ఈల ఆగిపోయింది. మేం కదలకుండా నిలబడ్డాం. కాసేపటికి మళ్ళీ మొదలైంది. మూడో వరస వెనక.

తడిపిన గోనెపట్టా కింద పావురాల బుట్ట. అందులో తల్లి. బావ గోనె ఎత్తగానే మూలకు ఒదిగి మమ్మల్ని చూసింది. చనుమొనలు ఉబ్బి, చుట్టూ వెంట్రుకలు తడిసి ఉన్నాయి. తాగే నోళ్ళు లేక పాలు కారిపోతున్నాయి.

బుట్ట పక్కన ఇత్తడి పళ్ళెం. దాంట్లో సింధూరం, ఉంగరమంత కిరీటం, ఎర్రటి లంగోటీ, అగ్గిపుల్ల పొడవు గద. ఆ గదను వేళ్ళ మధ్య పట్టుకుని చూశాను. ఎవరో కంసాలి ఎంతో ముచ్చటగా చేశాడు. అంత ముద్దొచ్చే వస్తువు చూసి ఎప్పుడూ అంత భయం వేయలేదు.

“రేపు సమాధి తవ్వి దీన్ని లేపుతాడు. లేచిన స్వామి ఈడనే గుడి కట్టమంటాడు, మిల్లు మూతపడినోనికి హుండీ వస్తాది” అన్నాడు బావ. “స్వామి లేవాలంటే ముందు చావాల. చావాలంటే చంపినోడొకడు కావాల. దావూదు దొరికినాడు. పద, దీన్ని...”

వెనక తలుపు దభీమని పడింది. గొలుసు గరగర. తాళం వేసిన చప్పుడు.

బావ ఒక్క అంగలో వెళ్ళి భుజంతో గుద్దాడు. ఇనుము కదల్లేదు. గుద్దిన విసురుకు నేను నిన్న వేరే రంగు దారంతో కుట్టిన చొక్కా గుండీ తెగి పడింది.

“పాపా!” తలుపు అవతల బాలసుబ్బయ్య. “మీరు ఇటు పోయేది నేను సూసినాలే. అది నా దేవుడు. తలుపు కింద సందు ఉండాది. బుట్ట ఇట్ల తోయండి. తాళం తీస్తా.”

“తోయకపోతే?” అన్నాడు బావ.

“ఏందీ?”

“తోయకపోతే?”

“గట్టిగా చెప్పప్పా, తప్పెట్లు కొడతాండారు!”

“తోయకపోతే ఏం చేస్తావని!”

“ఓ, అదా. జీపు వచ్చేస్తాంది. ఆ అబ్బీ లెంపలేసుకుంటానే, కోతిని దొంగిలించను ఇంకో ఇద్దరు వచ్చినారు, గోడౌన్లో ఏసినా అని జనానికి చెప్తా. మిమ్మల్నీ వాన్నీ కలిపి ఏం చేస్తారో నాకు తెల్దు. ఆలోచించుకో పాపా. కొత్తగా పెండ్లైనోళ్ళు మాదిరి ఉండారు.”

అడుగులు దూరమయ్యాయి. మేమిద్దరం గొంతు చించుకుని అరిచాం. తప్పెట్లు మా కేకల్ని మింగేశాయి. ఆ చప్పుడు మధ్య జీపు ఇంజను వినిపించింది.

గోడ మీద, మనిషిన్నర ఎత్తులో, ఊచలున్న కిటికీ ఒకటి ఉంది. బావ బుట్టను చంకన పెట్టుకుని దాని కిందికి వెళ్ళి వంగాడు.

“ఎక్కు.”

“ఎక్కడికి?”

“నా భుజాల మీదికి. ఏడడుగులప్పుడు పురోహితుడు ఇది చెప్పడం మరిచిపోయినాడు.”

ఎక్కాను. గోడ పట్టుకుని, ఊచలు అందుకుని బయటికి చూశాను. కిటికీ పక్క నుంచి తుమ్మచెట్ల వరస. వాటి కొమ్మలు ఒకదానికొకటి తగులుతూ ఆఫీసు వరండా కప్పు దాకా వెళ్ళాయి. వరండాలో గూడు. ఆవరణ నిండా జనం. సమాధి ముందు జీపు ఆగింది. దావూద్‌ను దించారు. చేతులకు బేడీలు. మాబున్ని ఇన్‌స్పెక్టరుకు అడ్డంపడి గోడౌను వైపు చెయ్యి చూపిస్తోంది. పద్మనాభయ్య ఆమెను పక్కకు నెట్టి, టోపీ సర్దుకుని సమాధికి దండం పెట్టాడు.

“మాబున్ని మాట ఆయన వినడం లేదు బావా. దావూద్‌ను మోకాళ్ళ మీద కూర్చోబెడుతున్నారు.”

“బుట్ట ఇచ్చేద్దామా?” అన్నాడు కింద నుంచి. “ప్రాణం మిగిలితే తర్వాత ఏదో ఒకటి...”

“ఇస్తే సాక్ష్యం పోతుంది. దావూద్ జీవితాంతం కోతిని చంపినవాడే. పిల్లలు సాయంత్రానికి చస్తాయి.” కిందికి చెయ్యి చాపాను. “బుట్ట పైకి అందించు. దీన్ని వదిలేస్తాను.”

“అడవి జంతువు కుమారీ! చెట్టెక్కి పారిపోతే?”

“పారిపోదు. వాడు పిలుస్తున్నాడు, విను. పాలు చేపుకొచ్చి ఉన్నాయి. ఇది వెళ్ళే చోటు ఒక్కటే.”

బుట్ట పైకి వచ్చింది. మూత తీశాను. తల్లి నా మణికట్టు మీదికి ఎక్కింది. దాని గోళ్ళు పిల్లి గోళ్ళలా గుచ్చుకున్నాయి. ఊచల మధ్య ఒక్క క్షణం ఆగి, తల వెనక్కి తిప్పి నన్ను చూసింది. మరుక్షణం లేదు.

తుమ్మకొమ్మ ఊగింది. ఇంకో కొమ్మ. జనంలో ఒకడు చెయ్యెత్తి చూపించాడు. తప్పెట్లు ఆగిపోయాయి.

“స్వామి! స్వామి లేచినాడు!”

నేను కలలో కూడా అనుకోనిది జరిగింది. జనమంతా నేల మీద పడి దండాలు పెట్టడం మొదలుపెట్టారు. బాలసుబ్బయ్య ముఖం ఒక్క క్షణం తెల్లబోయింది. వెంటనే సమాధి గట్టెక్కి రెండు చేతులూ ఎత్తాడు. “సూసినారా! రేపటిదాకా కూడా ఆగల్యా నా తండ్రి! చంపినోన్ని చూస్తానే లేచి వచ్చినాడు! ఒప్పుకో రా దావూదూ, స్వామి కండ్ల ముందర ఒప్పుకో!”

మా సాక్ష్యం ఆయన మహిమ అయిపోయింది.

తల్లి మాత్రం ఎవరినీ చూడలేదు. వరండా దూలం మీదుగా జారి గూటి తీగలకు అతుక్కుంది. మాబున్ని గూటి తలుపు తెరిచింది. తండ్రి కోతి వీపు వంచింది. ఒక పిల్ల, ఇంకో పిల్ల, తల్లి పొట్ట కిందికి పాకాయి. అందరూ చూస్తున్నారు. పిల్లలు పాలు తాగుతున్నాయి.

ముందు వరసలో తిరుపాలమ్మ అనే ముసలావిడ లేచి నిలబడింది. ఆ మిల్లులోనే పత్తి ఏరిన మనిషి, గొంతు బాలసుబ్బయ్యకు తీసిపోదు.

“ఏమప్పా బాలసుబ్బయ్యా! మొగది సచ్చింది, నా చేతుల్తో కడిగినా అంటివే! లేచి వచ్చి పాలిస్తాందే?”

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకెవరో. పద్మనాభయ్య గూటిని చూశాడు, సమాధిని చూశాడు. టోపీ తీసి జీపు మీద పెట్టాడు. పందిరి వాడి చేతిలోంచి పార లాక్కున్నాడు.

“తవ్వుతానండీ. పాపం వస్తే నాకే రానీయండి.”

లోతుగా తవ్వాల్సిన పని కూడా లేకపోయింది. పట్టుగుడ్డ విప్పి పార మీద పెట్టి పైకెత్తాడు. అంత దూరం నుంచి కూడా దాని వీపు మీది చారలు నాకు కనిపించాయి.

“ఉడత బావా! ఉడత!”

బావ కింద నుంచి నన్ను పట్టుకునే గెంతాడు. ఇద్దరం పడబోయి గోడకు ఆనుకున్నాం. పద్మనాభయ్య “ఆ బాలసుబ్బయ్యను పట్టుకోండి!” అని అరవడం వినిపించింది. నేను సమాధి గట్టు వైపు చూశాను. ఖాళీ.

“కుమారీ” అన్నాడు బావ. “దిగు. తొందరగా.”

వాసన నాకూ తగిలింది. గోడౌను వెనక గోడకు, పత్తి లోపలికి పోసే కంత ఒకటి ఉంది. సమాధి గట్టు మీద కనిపించని మనిషి ఆ కంతలో నుంచి నిప్పు పడేసినట్టున్నాడు. కింది వరసలో ఒక బేలు లోలోపల ఎర్రబడుతోంది. మంట లేదు. పొగ మాత్రం నూగును కలుపుకుని కప్పు దాకా లేచి, అక్కణ్ణించి మా మీదికి దిగుతోంది.

“దావూద్!” ఊచల్లో నుంచి అరిచాను. ఎవరి పేరు పిలవాలో తెలియక ఆ పేరే వచ్చింది. “తాళం! తాళంచెవి బాలసుబ్బయ్య దగ్గరుంది!”

మోకాళ్ళ మీద ఉన్న మనిషి తలెత్తాడు. పొగను చూశాడు. పోలీసు చెయ్యి విదిలించుకుని పరుగెత్తాడు. వెనక నుంచి “పట్టుకోండి, పారిపోతున్నాడు!” అని ఒక పోలీసు, “పారిపోవడం కాదయ్యా మూర్ఖుడా, నువ్వూ పరిగెత్తు!” అని పద్మనాభయ్య.

నేను దిగి బావ చెయ్యి పట్టుకున్నాను. తలుపు దగ్గరికి చేరేసరికి కళ్ళు కనిపించడం మానేశాయి. ఇనుము అవతల దావూద్ ఊపిరి వినిపిస్తోంది. అతని చేతులకు ఇంకా బేడీలున్నాయి. ఆ బేడీలతోనే, రెండు చేతులూ కలిపి, తాళం మీద బాదుతున్నాడు.

“కింద పడుకోండక్కా! సందు కాడ ముక్కు పెట్టండి!”

ఇద్దరం బండ మీద బోర్లా పడుకుని, తలుపు కింది సందుకు ముఖాలు ఆనించాం. జానెడు వెలుగు. అందులో దావూద్ పాదాలు. వాటి పక్కన టపటపా పడుతున్న నెత్తుటి చుక్కలు.

మా వెనక మొదటి బేలు భగ్గుమంది. అదే క్షణంలో తాళం ఊడి దావూద్ పాదాల పక్కన పడింది, గొలుసు గరగరా జారింది.